పాస్డ్ అని వచ్చినంత మాత్రాన సరిపోదు: కమాండ్ లైన్‌లో హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూసుకోవడం ఎలా?

పెద్ద ఫైల్ కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోతోంది. ఫొటోల ఫోల్డర్ తెరిస్తే కంప్యూటర్ కాసేపు బిగుసుకుపోతోంది. ఆన్ అవ్వడానికే మునుపటికంటే ఎక్కువసేపు పడుతోంది. ఇలాంటివి మొదలైతే ఎవరికైనా ముందు అనుమానం వచ్చేది హార్డ్ డిస్క్ మీదే. ఆ అనుమానం నిజమో కాదో తేల్చుకోవడానికి డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. టెర్మినల్ తెరిచి నాలుగు కమాండ్లు కొట్టడం వస్తే చాలు. అసలు పని కమాండ్ కొట్టడంలో లేదు, అది చూపించే అంకెల్లో వేటిని పట్టించుకోవాలో, వేటిని వదిలేయాలో తెలియడంలో ఉంది. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ అంకెల గురించే.

ముందొక హెచ్చరిక. డ్రైవ్ లోపలి నుంచి టిక్ టిక్‌మని ఆగి ఆగి శబ్దం వస్తున్నా, గీరుతున్నట్టు వినిపిస్తున్నా ఏ పరీక్షా పెట్టకండి. పరీక్ష అంటే డ్రైవ్ చేత పని చేయించడమే. అవసాన దశలో ఉన్న డ్రైవ్‌కి మిగిలిన కాస్త ఓపికనీ మీ ఫైళ్లు బయటికి తీయడానికి వాడాలి, పరీక్షలకు కాదు. అలాంటి శబ్దాలు లేకపోయినా, ముఖ్యమైన ఫైళ్లకు ఇంకోచోట కాపీ లేకపోతే ముందు ఆ పని చేసుకుని ఇక్కడికి రండి.

కమాండ్ల గురించి ఒక మాట

కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు మాత్రం వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. ఈ టూల్స్‌లో చాలా ఆప్షన్లకు ఒక్క అక్షరంతో పొట్టి రూపం ఉంటుంది, కానీ అందులో పెద్దక్షరానికీ చిన్నక్షరానికీ అర్థం వేరు. మనం వాడబోయే స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌లో పెద్ద హెచ్ పెడితే ఆరోగ్యం చూపిస్తుంది, చిన్న హెచ్ పెడితే సహాయం పేజీ తెరుస్తుంది. ఈ గొడవ లేకుండా పూర్తి మాటల్లో ఉండే ఆప్షన్లనే వాడదాం. వాటి ముందు రెండు అడ్డగీతలు ఉంటాయి. అలవాటయ్యాక పొట్టివి మీరే నేర్చుకుంటారు.

టూల్ వేసుకోవడం, డ్రైవ్ పేరు పట్టుకోవడం

మనకు కావాల్సిన ప్యాకేజీ పేరు స్మార్ట్‌మాన్‌టూల్స్. 2002 నుంచీ ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటిలోనూ పనిచేస్తుంది. లినక్స్‌లో ఉబుంటు, డెబియన్ వాడేవాళ్లు ఇలా వేసుకోవచ్చు (ముందున్న సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపమని):

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ స్మార్ట్‌మాన్‌టూల్స్

ఫెడోరాలో ఆప్ట్ బదులు డిఎన్‌ఎఫ్ అని కొట్టండి. మ్యాక్‌లో హోంబ్రూ అనే ప్యాకేజీలు వేసే టూల్ ఉంటే సుడో లేకుండా, బ్రూ ఇన్‌స్టాల్ అని కొట్టి ప్యాకేజీ పేరు ఇస్తే సరి. విండోస్‌కి మామూలు ఇన్‌స్టాలర్ ఫైలే దొరుకుతుంది. ఇందులో రెండు ప్రోగ్రాములు వస్తాయి. మనం అడిగినప్పుడు చెప్పేది స్మార్ట్‌సీటీఎల్. వెనకాల నడుస్తూ కాపలా కాసేది స్మార్ట్‌డి. స్మార్ట్‌సీటీఎల్ అంటే స్మార్ట్ అనే మాటకు సి, టి, ఎల్ అనే మూడక్షరాలు స్పేస్ లేకుండా అతికించడమే.

ఇప్పుడు మీ డ్రైవ్‌ని సిస్టమ్ ఏ పేరుతో పిలుస్తోందో చూడాలి (ఇది లినక్స్ కమాండ్, విండోస్, మ్యాక్ సంగతి కింద విడిగా ఉంది):

ఎల్‌ఎస్‌బిఎల్‌కె --నోడెప్స్ --అవుట్‌పుట్ నేమ్,సైజ్,మోడల్,సీరియల్,రోటా

ఒక్కో డ్రైవ్‌కి ఒక్కో వరుస వస్తుంది. సాటా అనే పద్ధతిలో మదర్‌బోర్డుకి తగిలే మామూలు డ్రైవ్‌లు, యుఎస్‌బి డ్రైవ్‌లు అయితే ఎస్‌డిఎ, ఎస్‌డిబి అని ఉంటాయి. ఎన్‌విఎంఇ అనే ఇంకో పద్ధతిలో తగిలే ఎస్‌ఎస్‌డిలు (పళ్లెం లేకుండా చిప్‌లలో డేటా దాచేవి) ఎన్‌విఎంఇ0ఎన్1 లాంటి పేరుతో ఉంటాయి. చివర ఉన్న రోటా అనే గడిలో 1 ఉంటే లోపల పళ్లెం తిరిగే హార్డ్ డిస్క్, 0 ఉంటే ఎస్‌ఎస్‌డి అని లెక్క. మోడల్, సీరియల్ నంబర్ రెండూ రాసి పెట్టుకోండి. ఒకే సైజు డ్రైవ్‌లు రెండున్నప్పుడు చెడిందనుకుని బాగున్నదాన్ని ఊడదీయడం చాలామంది చేసే పని. అది జరక్కుండా ఆపేది ఈ సీరియల్ నంబరే. ఇంకో విషయం, ఎస్‌డిఎ, ఎస్‌డిబి పేర్లు శాశ్వతం కాదు. రీస్టార్ట్ చేస్తే మారిపోవచ్చు. కాబట్టి ప్రతిసారీ పేరు సరిచూసుకున్నాకే కమాండ్ కొట్టండి.

ఇక్కడి నుంచి మీ డ్రైవ్ ఎస్‌డిఎ అనుకుని చెబుతాను. స్మార్ట్ అంటే డ్రైవ్ తన ఆరోగ్యం లెక్కలు తానే రాసుకునే ఏర్పాటు. మొదట మీ డ్రైవ్ దానికి జవాబిస్తోందో లేదో చూడండి:

సుడో స్మార్ట్‌సీటీఎల్ --ఇన్ఫో /డెవ్/ఎస్‌డిఎ

చివరి రెండు వరుసల్లో స్మార్ట్ సపోర్ట్ అవైలబుల్ అనీ, ఎనేబుల్డ్ అనీ రావాలి. డిసేబుల్డ్ అని ఉంటే అదే కమాండ్‌లో ఇన్ఫో బదులు --స్మార్ట్=ఆన్ అని ఇస్తే ఆన్ అవుతుంది.

పాస్డ్ అంటే ఏమిటి?

అందరూ మొదట కొట్టే కమాండ్ ఇది:

సుడో స్మార్ట్‌సీటీఎల్ --హెల్త్ /డెవ్/ఎస్‌డిఎ

నూటికి తొంభైసార్లు పాస్డ్ అనే వస్తుంది. చాలామంది అక్కడితో హమ్మయ్య అనుకుని టెర్మినల్ మూసేస్తారు. కానీ ఆ మాటకున్న అర్థం చాలా చిన్నది. డ్రైవ్ తయారుచేసిన కంపెనీ కొన్ని ముఖ్యమైన లెక్కలకు ఒక్కోదానికి ఒక గీత గీసి పెడుతుంది. ఏ లెక్కా ఆ గీత కిందికి దిగకపోతే పాస్డ్. ఆ గీతలు ఎంత కిందుంటాయంటే, వందల సెక్టార్లు (డేటా దాచే చిన్న చిన్న గడులు) పాడైన డ్రైవ్ కూడా పాస్ అవుతుంది. అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడూ పాసే, క్లాస్ ఫస్ట్ వచ్చినవాడూ పాసే అన్నట్టు. అదే ఫెయిల్డ్ అని వస్తే మాత్రం సందేహమే అక్కర్లేదు. మిగతా దశలన్నీ వదిలేసి, నేరుగా కింద ఫైళ్లు బయటికి తీయడం గురించి చెప్పిన చోటికి వెళ్లండి.

అసలు చూడాల్సిన పట్టిక

సుడో స్మార్ట్‌సీటీఎల్ --ఆట్రిబ్యూట్స్ /డెవ్/ఎస్‌డిఎ

ఇరవై దాకా వరుసలున్న పట్టిక వస్తుంది. మొదటిసారి చూసినవాళ్లకు టెన్షన్ పుట్టించేది అందులోని టైప్ అనే గడి. కొన్ని వరుసల్లో ప్రీ-ఫెయిల్, కొన్నింట్లో ఓల్డ్-ఏజ్ అని ఉంటుంది. డ్రైవ్ పోబోతోందనో, ముసలిదైపోయిందనో కాదు దాని అర్థం. ఆ లెక్క ఏ రకానిదో చెప్పే లేబుల్ అంతే. కొత్తగా సీల్ తీసిన డ్రైవ్‌లోనూ అలాగే ఉంటుంది.

ప్రతి వరుసలో వాల్యూ, వర్స్ట్, థ్రెష్, రా వాల్యూ అనే గడులుంటాయి. వాల్యూ అనేది కంపెనీ తనకు తోచినట్టు వేసుకున్న మార్కు. 100 దగ్గరో, 200 దగ్గరో మొదలై పరిస్థితి పాడయ్యేకొద్దీ తగ్గుతుంది. వర్స్ట్ అంటే ఇప్పటిదాకా అది దిగిన అతి తక్కువ స్థాయి. థ్రెష్ అంటే పైన చెప్పుకున్న గీత. అన్నిటికంటే చివరనుండే రా వాల్యూలోనే మనకు పనికొచ్చే అసలు లెక్క ఉంటుంది. వెన్-ఫెయిల్డ్ అనే గడిలో ఒక అడ్డగీత మాత్రమే ఉంటే మంచిది. అక్కడ ఫెయిలింగ్-నౌ అని కనిపిస్తే ఆ లెక్క ఇప్పుడు గీత కిందుందని. ఇన్-ద-పాస్ట్ అని కనిపిస్తే ఒకప్పుడు దిగి మళ్లీ పైకొచ్చిందని.

ఇరవై వరుసల్లో గట్టిగా చూడాల్సినవి 5, 187, 188, 197, 198 నంబర్లవి. ఇక్కడ నంబర్ అంటే వరుస మొదట్లో ఐడి గడిలో ఉండేది, పైనుంచి లెక్కపెట్టేది కాదు. వేల డ్రైవ్‌లు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే బ్యాకప్ కంపెనీ కూడా ప్రధానంగా ఈ ఐదింటినే గమనిస్తామని చెప్పింది. అన్ని డ్రైవ్‌లూ ఐదూ చూపించవు. ఉన్నవి చూస్తే చాలు.

వీటిలో 5, 197 రెండూ కవల పిల్లలు కాబట్టి కలిపి అర్థం చేసుకోవాలి. డ్రైవ్ ఒక సెక్టార్‌ని చదవబోయి చదవలేకపోయిందనుకోండి. వెంటనే దాన్ని పక్కన పెట్టేయదు, ఎందుకంటే అందులోని డేటా ఇంకా మీది. ఎప్పుడైనా చదవగలుగుతానేమో అని పెండింగ్‌లో ఉంచుతుంది. 197వ వరుసలో కనిపించే కరెంట్ పెండింగ్ సెక్టార్ లెక్క అదే. తర్వాత ఎప్పుడైనా ఆ చోట కొత్త డేటా రాయాల్సి వస్తే, రాసి చూస్తుంది. బాగా రాయగలిగితే పెండింగ్ నుంచి తీసేస్తుంది. రాయలేకపోతే దాన్ని శాశ్వతంగా పక్కన పెట్టి, విడిగా దాచుకున్న సెక్టార్లలోంచి ఒకటి దాని బదులు వాడుతుంది. అప్పుడు 5వ వరుసలోని రీఅలొకేటెడ్ సెక్టార్ లెక్క ఒకటి పెరుగుతుంది.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. 197 తగ్గి సున్నాకి వచ్చి, 5 పెరగలేదంటే ఆ సెక్టార్ నిజంగా పాడైంది కాకపోవచ్చు. రాస్తున్నప్పుడు కరెంటు పోయినా అలా అవుతుంది. కానీ 197లో అంకె ఉన్నంతసేపూ, ఏదో ఒక ఫైల్‌లో ఒక ముక్క చదవలేని స్థితిలో ఉందని అర్థం. 5లో అంకె అంటే జరిగిపోయిన నష్టం, 197లో అంకె అంటే ఇప్పుడు జరుగుతున్న నష్టం. నాకైతే 5లో ఎనిమిదేళ్లుగా కదలకుండా ఉన్న 8 కంటే, నిన్న లేకుండా ఇవాళ 197లో కనిపించిన 1 ఎక్కువ భయపెడుతుంది.

198 అంటే డ్రైవ్ తీరిగ్గా తనంతట తాను పరీక్షించుకున్నప్పుడు సరిదిద్దలేకపోయిన సెక్టార్ల లెక్క. చాలాసార్లు 197తో సమానంగానే నడుస్తుంది. 187 అంటే డ్రైవ్ సరిదిద్దలేక చేతులెత్తేసి కంప్యూటర్‌కి చెప్పేసిన తప్పులు. ఇది సున్నా దాటి పెరుగుతుంటే నిర్లక్ష్యం చేయొద్దు.

188 అంటే సమయానికి పూర్తికాక ఆగిపోయిన కమాండ్ల లెక్క. దీని దగ్గర మాత్రం ఒక తిరకాసు ఉంది. సీగేట్ డ్రైవ్‌లలో ఇక్కడ ఒక్కోసారి 4295032833 లాంటి అంకె కనిపిస్తుంది. నాలుగు వందల కోట్ల తప్పులా అని గుండె ఆగినంత పనవుతుంది. అది ఒక లెక్క కాదు, మూడు లెక్కలు ఒకదాని పక్కన ఒకటి ఇరికించి పెట్టినది. విడదీస్తే 1, 1, 1 అని వస్తుంది. అదే కంపెనీ డ్రైవ్‌లలో 1వ వరుస, 7వ వరుస కూడా ఇలాగే కోట్లలో కనిపిస్తాయి. 7వ వరుసలో కింది భాగం, పళ్లెం మీది డేటాను చదివే హెడ్ ఎన్నిసార్లు కదిలిందో చెప్పే లెక్క, పై భాగం తప్పుల లెక్క. మొత్తం అంకె దాదాపు 429 కోట్ల లోపుంటే తప్పుల భాగం సున్నా అన్నట్టే. కాబట్టి వేరే కంపెనీ డ్రైవ్ పట్టికతో మీ పట్టికను పోల్చుకోకండి. రా వాల్యూని ఎలా రాయాలన్నది కంపెనీ ఇష్టం.

199వ వరుస, అంటే సిఆర్‌సి ఎర్రర్ కౌంట్, చాలామందిని అనవసరంగా కొత్త డ్రైవ్ కొనిపిస్తుంది. ఇది పెరుగుతోందంటే డ్రైవ్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడుతోందని. సాధారణంగా తప్పు సాటా కేబుల్‌ది, లేదా కనెక్టర్ వదులైనది. కేబుల్ మార్చి చూడండి. మార్చాక ఆ అంకె తగ్గదు, సున్నాకి రాదు. పెరగడం ఆగితే కేబులే దొంగ అని తేలినట్టు.

9వ వరుసలో డ్రైవ్ మొత్తం ఎన్ని గంటలు ఆన్‌లో ఉందో ఉంటుంది. ఏడాదికి 8760 గంటలు కాబట్టి, 30000 అని ఉంటే ఆపకుండా మూడేళ్ల ఐదు నెలలు నడిచినట్టు. వాడిన డ్రైవ్ కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే. ల్యాప్‌టాప్ డ్రైవ్‌లలో 193వ వరుసని కూడా ఒకసారి చూడండి. హెడ్ ఎన్నిసార్లు పక్కకు వెళ్లి కూర్చుందో చెప్పే లెక్క అది. డ్రైవ్‌లను మామూలుగా 3 లక్షల సార్లకో, 6 లక్షల సార్లకో తయారుచేస్తారు. 194 వేడి. 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా ఉన్నట్టు. 60కి దగ్గరపడుతుంటే గాలి ఆడేలా చూడాలి.

ఒక్కసారి చూసిన అంకె కంటే, అది కదులుతోందా లేదా అన్నదే ఎక్కువ చెబుతుంది. అందుకే ప్రతిసారీ మొత్తం వివరాలను ఫైల్‌లోకి పంపించి దాచుకోండి:

సుడో స్మార్ట్‌సీటీఎల్ --ఆల్ /డెవ్/ఎస్‌డిఎ > డిస్క్-జనవరి.టిఎక్స్‌టి

వచ్చే నెల ఇంకో పేరుతో దాచి, డిఫ్ కమాండ్‌తో రెండు ఫైళ్లనీ పోల్చండి. గంటలు, వేడి మారడం సహజం. 5, 197, 198 కదిలితేనే ఆలోచించాలి.

నా లెక్క ఇది: ఐదు వరుసలూ సున్నా అయితే బెంగ లేదు. 5వ వరుసలో చిన్న అంకె ఉండి నెలల తరబడి కదలకపోతే, బ్యాకప్ ఉన్నంతకాలం వాడుకోవచ్చు, కానీ ముఖ్యమైన ఫైళ్లకు అదొక్కటే చోటు కాకూడదు. వారం వారం పెరుగుతుంటే మార్చేయాలి. వారంటీ ఉంటే ఇంకా ముందే అడగాలి.

అన్నీ సున్నాలుంటే డ్రైవ్ ఎప్పటికీ పోదని కాదు. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డ్రైవ్‌ల లెక్కలు తీసి ప్రచురించారు. పాడైన డ్రైవ్‌లలో 56 శాతానికి పైగా, బలమైన సంకేతాలుగా వాళ్లు గుర్తించిన నాలుగు లెక్కల్లో ఒక్కదాంట్లోనూ ముందుగా ఏమీ చూపించలేదు. మరోవైపు, స్కాన్‌లో మొదటి తప్పు దొరికిన డ్రైవ్, ఏ తప్పూ లేని డ్రైవ్‌తో పోలిస్తే తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేలింది. అంటే స్మార్ట్ మౌనంగా ఉంటే పూర్తిగా నమ్మలేం గానీ, నోరు తెరిస్తే మాత్రం నమ్మాల్సిందే.

డ్రైవ్ చేతే పరీక్ష రాయించడం

పట్టిక పాత సంగతులు చెబుతుంది. మీరు ఆర్నెల్లుగా తెరవని ఫోల్డర్ ఉన్న చోట ఏం జరుగుతోందో డ్రైవ్‌కి కూడా తెలియదు. దానికే సెల్ఫ్ టెస్ట్. ముందు చిన్నది:

సుడో స్మార్ట్‌సీటీఎల్ --టెస్ట్=షార్ట్ /డెవ్/ఎస్‌డిఎ

రెండు నిమిషాల్లో అయిపోతుంది. కమాండ్ వెంటనే తిరిగొచ్చేస్తుంది, స్క్రీన్ మీద ఏమీ కదలదు. పరీక్ష డ్రైవ్ లోపల జరుగుతుంటుంది. ఫలితం మనమే వెళ్లి అడగాలి:

సుడో స్మార్ట్‌సీటీఎల్ --లాగ్=సెల్ఫ్‌టెస్ట్ /డెవ్/ఎస్‌డిఎ

చిన్న పరీక్ష మోటర్, హెడ్, ఎలక్ట్రానిక్స్ చూసి, పళ్లెం మీద కొంత భాగం మాత్రమే చదువుతుంది. మొత్తం చదివించాలంటే షార్ట్ బదులు లాంగ్ అని ఇవ్వండి. ఎంతసేపు పడుతుందో డ్రైవ్ తానే చెబుతుంది. --కేపబిలిటీస్ అనే ఆప్షన్ ఇచ్చి చూస్తే నిమిషాల్లో ఉంటుంది. 4 టెరాబైట్ల డ్రైవ్‌కి ఏడెనిమిది గంటలు మామూలే. రాత్రి పడుకునేముందు పెట్టడం మంచిది. ఈలోగా కంప్యూటర్ వాడుకోవచ్చు, మీ ఫైళ్లకు ఏమీ కాదు, కానీ వాడేకొద్దీ పరీక్ష ఆలస్యమవుతుంది. ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకోకుండా సెట్టింగ్ మార్చుకోండి. మధ్యలో ఆపాలంటే --అబార్ట్.

లాగ్‌లో కొత్త ఫలితం పైన ఉంటుంది. కంప్లీటెడ్ వితౌట్ ఎర్రర్ అంటే మొత్తం చదవగలిగింది. రీడ్ ఫెయిల్యూర్ అని ఉంటే, పక్కనే మొదటి తప్పు ఏ చోట దొరికిందో నంబర్ ఉంటుంది. డ్రైవ్ అక్కడే ఆగిపోతుంది కాబట్టి, తర్వాత ఇంకెన్ని ఉన్నాయో ఈ పరీక్ష చెప్పదు. ఇంటరప్టెడ్ అనో, అబార్టెడ్ బై హోస్ట్ అనో ఉంటే డ్రైవ్ తప్పు కాదు. మధ్యలో ఎవరో ఆపారు, లేదా కరెంటు పోయింది, లేదా యుఎస్‌బి పెట్టె నిద్రపోయింది. మళ్లీ పెట్టండి.

ప్రతి ఫలితం పక్కన అప్పటికి డ్రైవ్ ఎన్ని గంటలు నడిచిందో కూడా ఉంటుంది. కొత్తదని అమ్మిన డ్రైవ్‌లో 9వ వరుస 12 గంటలు అంటుంటే, పాత పరీక్షల పక్కన 20 వేల గంటలు కనిపించిందనుకోండి, ఎవరో లెక్క వెనక్కి తిప్పారని తెలిసిపోతుంది.

యుఎస్‌బి డ్రైవ్ జవాబివ్వకపోతే

బయటి డ్రైవ్‌ల పెట్టెలో సాటాని యుఎస్‌బిగా మార్చే చిప్ ఒకటి ఉంటుంది. అన్ని చిప్‌లూ స్మార్ట్ ప్రశ్నల్ని లోపలికి పంపవు. అన్‌నోన్ యుఎస్‌బి బ్రిడ్జ్ అని వస్తే ఇలా ప్రయత్నించండి:

సుడో స్మార్ట్‌సీటీఎల్ --డివైస్=సాట్ --ఆల్ /డెవ్/ఎస్‌డిబి

ఇక్కడి సాట్‌కి ఇంగ్లిష్‌లో ఎస్, ఎ, టి అనే మూడక్షరాలే. చాలావాటికి ఇది చాలు. అదీ కుదరకపోతే డ్రైవ్‌ని పెట్టెలోంచి తీసి నేరుగా సాటా పోర్ట్‌కి తగిలించడమే దారి.

ఎస్‌ఎస్‌డి అయితే

ఎన్‌విఎంఇ ఎస్‌ఎస్‌డికి పట్టిక వేరు, చదవడం తేలిక. కంపెనీకో రకంగా కాకుండా అన్నిట్లో ఒకేలా ఉంటుంది.

సుడో స్మార్ట్‌సీటీఎల్ --ఆల్ /డెవ్/ఎన్‌విఎంఇ0

క్రిటికల్ వార్నింగ్ దగ్గర అన్నీ సున్నాలుండాలి. అవైలబుల్ స్పేర్ అంటే విడిగా దాచుకున్న చోటులో ఇంకెంత మిగిలిందో శాతంలో. 100 నుంచి తగ్గడం మొదలైతే కన్నేసి ఉంచండి. పర్సంటేజ్ యూజ్డ్ అంటే కంపెనీ అంచనా వేసిన ఆయుష్షులో ఎంత కరిగిందని. డిస్క్‌లో ఎంత చోటు నిండిందని కాదు, ఇది చాలామంది పొరబడే చోటు. అది 100 దాటినా డ్రైవ్ పనిచేస్తూనే ఉండొచ్చు. మీడియా అండ్ డేటా ఇంటిగ్రిటీ ఎర్రర్స్ సున్నాగా ఉండాలి, దీనికి మినహాయింపు లేదు. ఎర్రర్ లాగ్ ఎంట్రీస్ అనే వరుసలో వందలు కనిపించినా కంగారొద్దు. డ్రైవ్‌కి అర్థంకాని కమాండ్ వచ్చినా అది అక్కడ చేరుతుంది.

ఎన్‌విఎంఇకి సెల్ఫ్ టెస్ట్ పెట్టడం స్మార్ట్‌మాన్‌టూల్స్ 7.4 నుంచి వచ్చింది. పాత వెర్షన్ ఉంటే ఆ ఆప్షన్ దొరకదు. సాటా ఎస్‌ఎస్‌డిలైతే పై పట్టికే వస్తుంది. అందులో వేర్ అనో, లైఫ్ అనో ఉన్న వరుసలో వాల్యూ గడిని చూడండి. 100 నుంచి కిందికి దిగుతుంటుంది. ఎస్‌ఎస్‌డిలతో ఒక చిక్కు ఏమిటంటే, కంట్రోలర్ చిప్ పోతే ఏ హెచ్చరికా లేకుండా డ్రైవ్ మొత్తం కనిపించకుండా పోతుంది. అక్కడ కాపాడేది బ్యాకప్ ఒక్కటే.

విండోస్, మ్యాక్ వాళ్లకు

విండోస్‌లో పవర్‌షెల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి గెట్-ఫిజికల్‌డిస్క్ అని కొడితే హెల్తీ, వార్నింగ్, అన్‌హెల్తీ అని ఒక్క మాటలో చెబుతుంది. దాని తర్వాత నిలువు గీత పెట్టి గెట్-స్టోరేజ్‌రిలయబిలిటీకౌంటర్, మళ్లీ నిలువు గీత పెట్టి ఫార్మాట్-లిస్ట్ అని ఇస్తే వేడి, గంటలు, సరిదిద్దలేని తప్పుల లెక్క వస్తాయి. కొన్ని డ్రైవ్‌లకు ఆ గడులు ఖాళీగానే ఉంటాయి. అందుకే విండోస్‌లోనూ స్మార్ట్‌సీటీఎల్ వేసుకోవడమే మేలు. అక్కడ కూడా /డెవ్/ఎస్‌డిఎ అనే పేరే పనిచేస్తుంది, సుడో అక్కర్లేదు. మ్యాక్‌లో డిస్క్‌యుటిల్ ఇన్ఫో డిస్క్0 అని కొడితే స్మార్ట్ స్టేటస్ వెరిఫైడ్ అని వస్తుంది. ఇది కూడా మన పాస్డ్ లాంటిదే.

విండోస్‌లోని చెక్‌డిస్క్, లినక్స్‌లోని ఎఫ్‌ఎస్‌సికె కమాండ్ల గురించి చాలామంది అడుగుతారు. అవి చూసేది ఫైల్ సిస్టమ్‌ని, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే పద్దుని, డ్రైవ్‌ని కాదు. చెడుతున్న డ్రైవ్ మీద బ్యాకప్ లేకుండా వాటిని నడపడం ప్రమాదం, ఎందుకంటే అవి సరిచేసే క్రమంలో డ్రైవ్ మీద రాస్తాయి.

కెర్నల్ ఏమంటోంది?

స్మార్ట్ ఏమీ చెప్పకపోయినా కంప్యూటర్ నత్తనడక నడుస్తుంటే, కెర్నల్ (డ్రైవ్‌తో నేరుగా మాట్లాడే ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి భాగం) రాసుకున్న తప్పులు చూడండి:

సుడో జర్నల్‌సీటీఎల్ --డిమెస్జ్ --ప్రయారిటీ=ఇఆర్ఆర్

ఈ డిమెస్జ్‌కి ఇంగ్లిష్ అక్షరాలు డి, ఎం, ఇ, ఎస్, జి. ఐ/ఓ ఎర్రర్ అనే మాట, పక్కన మీ డ్రైవ్ పేరు, సెక్టార్ నంబర్ కనిపిస్తే చదవడంలో ఇబ్బంది నిజమే. అదే చోట యుఎన్‌సి అని ఉంటే సెక్టార్ చెడినట్టు. ఐసిఆర్‌సి అని ఉంటే మళ్లీ కేబుల్ వైపు చూడండి.

బ్యాడ్‌బ్లాక్స్ అనే కమాండ్ కూడా చాలాచోట్ల కనిపిస్తుంది. ఏ ఆప్షనూ లేకుండా నడిపితే అది చదివి మాత్రమే చూస్తుంది. కానీ డబ్ల్యూ అనే అక్షరం చేర్చారంటే డ్రైవ్ మొత్తం తుడిచిపెట్టి రాసి చూస్తుంది. ఎక్కడో చూసిన కమాండ్‌ని అలాగే కాపీ చేసి అతికించే ముందు ఆ అక్షరం ఉందేమో చూసుకోండి. లాంగ్ టెస్ట్ పెట్టాక దీని అవసరం నాకు పెద్దగా కనిపించదు.

పోతోందని తేలితే

మామూలు కాపీ కమాండ్ వద్దు. పాడైన చోట పదే పదే ప్రయత్నిస్తూ కూర్చుని డ్రైవ్‌ని ఇంకా అలిసిపోయేలా చేస్తుంది. జిఎన్‌యు డిడిరెస్క్యూ దీనికోసమే ఉంది. ఉబుంటు, డెబియన్‌లలో ప్యాకేజీ పేరు ముందు అదనంగా జి అనే అక్షరం ఉంటుంది. చెడిన డ్రైవ్ కంటే ఎక్కువ ఖాళీ ఉన్న ఇంకో డ్రైవ్‌ని తగిలించి, ఆ కొత్త డ్రైవ్‌లోని ఫోల్డర్‌లోకి వెళ్లి ఇలా కొట్టండి:

సుడో డిడిరెస్క్యూ --నో-స్క్రేప్ /డెవ్/ఎస్‌డిఎ డిస్క్.ఐఎంజి డిస్క్.మ్యాప్

తేలిగ్గా చదవగలిగినదంతా ముందు తీసేసి, మొండికేసిన చోట్లను వదిలేస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి, మధ్యలో ఆగినా అదే కమాండ్ మళ్లీ ఇస్తే అక్కడి నుంచే మొదలవుతుంది. తర్వాత నో-స్క్రేప్ తీసేసి, --రీట్రై-పాసెస్=3 చేర్చి ఇంకోసారి నడిపితే మిగిలినవాటి కోసం మూడుసార్లు ప్రయత్నిస్తుంది. మూలం ముందు, గమ్యం తర్వాత. ఈ వరుస తారుమారైతే ఉన్నదీ పోతుంది. పేరుని సీరియల్ నంబర్‌తో ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాకే ఎంటర్ నొక్కండి. ఫైల్ సిస్టమ్ మరమ్మతులన్నీ డిస్క్.ఐఎంజి అనే ఇమేజ్ ఫైల్‌కి (డ్రైవ్ మొత్తాన్నీ ఒకే ఫైల్‌గా తీసిన కాపీకి) ఇంకో కాపీ తీసుకుని, దాని మీదే చేయండి. అసలు డ్రైవ్‌ని మళ్లీ తగిలించకండి.

కాపలా పెట్టడం

నెలకోసారి గుర్తుపెట్టుకుని చూడటం మన వల్ల అయ్యే పని కాదు. స్మార్ట్‌డికి అప్పగించేయండి. డెబియన్, ఉబుంటులో /ఇటిసి/స్మార్ట్‌డి.కాన్ఫ్, ఫెడోరాలో /ఇటిసి/స్మార్ట్‌మాన్‌టూల్స్/స్మార్ట్‌డి.కాన్ఫ్ అనే ఫైల్‌లో డివైస్‌స్కాన్ అని మొదలయ్యే వరుసని ఇలా మార్చండి:

డివైస్‌స్కాన్ -ఎ -ఎస్ (ఎస్/../.././02|ఎల్/../../6/03) -ఎం రూట్

ఇందులో డివైస్‌స్కాన్ అనే మాట, బ్రాకెట్ లోపలి ఎస్, ఎల్ మాత్రం ఇంగ్లిష్ పెద్దక్షరాలు, మిగతావన్నీ చిన్నవి. రోజూ తెల్లవారుజామున 2 గంటలకు షార్ట్ టెస్ట్, ప్రతి శనివారం 3 గంటలకు లాంగ్ టెస్ట్ పెట్టమని దీని అర్థం. వారం రోజుల్లో సోమవారం 1 కాబట్టి 6 అంటే శనివారం. ఆ సమయానికి మీ కంప్యూటర్ ఆన్‌లో ఉండదనుకుంటే గంటలు మార్చుకోండి. ఇది కాక మామూలుగా ప్రతి 30 నిమిషాలకోసారి స్మార్ట్ లెక్కలు చూసుకుని, తేడా వస్తే రూట్‌కి, అంటే సిస్టమ్ అడ్మిన్ ఖాతాకి, మెయిల్ పంపుతుంది.

ఫైల్ సేవ్ చేశాక సర్వీస్‌ని రీస్టార్ట్ చేయాలి. డెబియన్, ఉబుంటులో దాని పేరు స్మార్ట్‌మాన్‌టూల్స్, ఫెడోరాలో స్మార్ట్‌డి. మెయిల్ నిజంగా వస్తోందో లేదో చూడటానికి అదే వరుస చివర పెద్దక్షరం ఎంతో -ఎం టెస్ట్ అని చేర్చి రీస్టార్ట్ చేస్తే, పరీక్ష మెయిల్ ఒకటి వస్తుంది. రాకపోతే మీ మెషీన్‌లో మెయిల్ పంపే ఏర్పాటు లేదని అర్థం. అది సరిచేసేదాకా స్మార్ట్‌డి హెచ్చరికలు సిస్టమ్ లాగ్‌లోనే ఉండిపోతాయి, మీరే వెళ్లి చూసుకోవాలి. పరీక్ష మెయిల్ అందాక ఆ చివరి ముక్క తీసేయడం మరిచిపోకండి, లేదంటే రీస్టార్ట్ అయిన ప్రతిసారీ డ్రైవ్‌కొకటి చొప్పున వస్తూనే ఉంటాయి.